ఆరు బొమ్మలు, ఒక టైలర్ టేపు: ఇంట్లో స్నేహితులతో స్టీమ్‌పంక్, జానపద కొట్లాటలు ఆడటం ఎలా

ముందు బొమ్మలు కొనకండి. మినియేచర్ వార్‌గేమ్ (చిన్న చిన్న బొమ్మలతో, పాచికలతో బల్ల మీద ఆడే యుద్ధం ఆట) మొదలుపెడదామనుకుంటున్నాం, ఏం కొనాలి అని ఎవరు అడిగినా నేను మొదట చెప్పే మాట ఇదే. వీడియోలు చూసి, బయటి దేశాల నుంచి పెట్టెలు తెప్పించి, కస్టమ్స్ డ్యూటీ కట్టి, ఆ ముక్కలు అతికించకుండా, రంగులు వేయకుండా అల్మరాలో పెట్టేసి, రెండేళ్ళు గడిచినా ఒక్క ఆట కూడా ఆడని వాళ్ళని నేను చూశాను. బొమ్మలు ఉంటే ఆట దానంతట అదే వస్తుందని వాళ్ళ నమ్మకం. రాదు. ఆట ముందు కుదరాలి, ఆడే మనుషులు కుదరాలి, ఆ తర్వాత బొమ్మలు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. అందుకని వచ్చే ఆదివారం కాగితం ముక్కలతో ఒక ఆట ఆడండి. అది నచ్చితే మిగతా సంగతి చూసుకోవచ్చు.

స్కిర్మిష్ అంటే చిన్న కొట్లాట. ఒక్కో దండులో ఐదారుగురు, మహా అయితే పదిమంది ఉంటారు, ప్రతి ఒక్కరికీ ఒక పేరు, ఒక ఆయుధం, ఒక స్వభావం ఉంటాయి. మా విజయనగరం వైపు వాళ్ళకి నేను ఇలా చెప్తాను: 1757 జనవరి 24న బొబ్బిలి కోట చుట్టూ ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో జరిగింది పెద్ద యుద్ధం, దాన్ని బల్ల మీద ఆడాలంటే వందల బొమ్మలు కావాలి. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు కొద్దిమందితో విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోకి చొరబడ్డాడే, అది స్కిర్మిష్. ఒక గుడారం, చుట్టూ నలుగురు కాపలావాళ్ళు, చీకటి, లోపలికి దూరేది ఇద్దరో ముగ్గురో. పది బొమ్మలు చాలు, భోజనాల బల్ల చాలు, గంటన్నరలో అయిపోతుంది, పైగా అందులో ఎవడు ఎక్కడ ఎందుకు నిలబడ్డాడో వారం తర్వాత కూడా గుర్తుంటుంది.

ఇక స్టీమ్‌పంక్. ఆవిరి యంత్రాల కాలం, అంటే పందొమ్మిదో శతాబ్దం, కరెంటు జోలికి పోకుండా ఊహలో అలాగే ముందుకు సాగితే ఎలా ఉండేదో ఆ ప్రపంచం. ఆవిరితో నడిచే ఇనప మనుషులు, గాలి ఓడలు, ఇత్తడి గొట్టాల తుపాకులు. దీనికి లండన్ వీధులే కావాలని అందరూ అనుకుంటారు, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లోనే రెండడుగుల ఆరంగుళాల నేరోగేజి రైలు మొదలైంది, బ్రాడ్‌గేజి పనుల కోసం 2004లో ఆపేసేదాకా అది నడిచింది. ఆ బుల్లి ఆవిరి ఇంజను కంటే గొప్ప స్టీమ్‌పంక్ సరుకు ఇంకెక్కడ దొరుకుతుంది? దానికి నెల్లిమర్ల జూట్ మిల్లు, విజయనగరం గంటస్తంభం, కళింగపట్నం లైట్‌హౌసు, గరివిడి వైపు మాంగనీసు గనులు కలపండి. జానపదం సంగతి చెప్పనే అక్కర్లేదు, మాంత్రికుడు, బ్రహ్మరాక్షసుడు, గండభేరుండం, మర్రితొర్రలో చిలక చిన్నప్పటి నుంచీ మనం విన్నవే. మేము రెండూ కలిపే ఆడతాం: బాయిలర్ మోసే ఇనప మనిషికీ మంత్రదండం పట్టుకున్నవాడికీ మధ్య కొట్లాట.

మొదటి ఆదివారానికి కావలసినవి

మూడడుగుల చదరం స్థలం. బల్ల లేకపోతే నేల మీద దుప్పటి పరిచినా సరే, దాని కింద నాలుగు పుస్తకాలు పెడితే గుట్టలవుతాయి. లూడో పాచికలు నాలుగు. టైలర్ టేపు తప్పనిసరి, ఎందుకంటే ఈ ఆటలో గళ్ళు ఉండవు, అన్నీ అంగుళాల్లో కొలుస్తాం, స్టీలు టేపు మధ్యలో చుట్టుకుపోయి బొమ్మల్ని పడగొడుతుంది కానీ గుడ్డ టేపు మెత్తగా వంగుతుంది. గుప్పెడు చింతపిక్కలు. ఒక నోటుబుక్కు.

బొమ్మలకి బదులు అట్ట ముక్కలు. పాత శుభలేఖల అట్ట దీనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది, గట్టిగా ఉంటుంది, వంగదు. అంగుళం పైన కొంచెం ఎత్తులో మనిషి ఆకారం గీసి కత్తిరించి, గుండ్రటి అడుగు భాగం మీద నిలబెట్టి అతికించండి. ఆ అడుగు భాగాన్ని బేస్ అంటారు, మనిషి సైజు బొమ్మలకి 25 మిల్లీమీటర్లు మామూలు కొలత. రెండు రూపాయల బిళ్ళ దాదాపు అంతే ఉంటుంది కాబట్టి దాన్ని పెట్టి గీసుకోండి. ఫ్యాను గాలికి ఇవి ఎగిరిపోతాయి, హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇనప వాషర్ ఒకటి కింద అతికిస్తే కదలవు. మే నెలలో ఫ్యాను ఆపి ఆడమని నేను ఎవరికీ చెప్పను.

నియమాలు ఒక పేజీలో

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే రూల్స్ చాలా ఉన్నాయి, వన్ పేజ్ రూల్స్ వాళ్ళవి మంచివి, తర్వాత చూడండి. మొదటి ఆటకి మాత్రం ఇవి చాలు, నేను కొత్తవాళ్ళతో ఆడేటప్పుడు ఇవే వాడతాను.

చెరొక ఆరుగురు. ఒకరు నాయకుడు, ఒకరు యంత్రమో మాంత్రికుడో, మిగతా నలుగురు మామూలువాళ్ళు. వంతులు ఒక్కొక్క బొమ్మకి మారతాయి: నేను ఒక బొమ్మ కదిపితే నువ్వు ఒకటి కదుపుతావు, అలా అందరూ అయ్యాక ఒక రౌండు. మొత్తం దండు ఒకేసారి కదిపే పద్ధతి కూడా ఉంది కానీ అందులో అవతలివాడు పదిహేను నిమిషాలు ఫోను చూసుకుంటూ కూర్చుంటాడు, ఆట చచ్చిపోతుంది. వంతు వచ్చిన బొమ్మ రెండు పనులు చేయొచ్చు. నడక ఒక పని, ఆరంగుళాలు. ముళ్ళు, బురద, మెట్ల మీద మూడే. కాల్పు ఒక పని. తుపాకీ మళ్ళీ నింపుకోవడం ఇంకో పని. తలుపు తీయడం, పెట్టె ఎత్తడం, పడినవాణ్ణి లేపడం కూడా ఒక్కో పనే.

కాల్చేటప్పుడు ఒక పాచిక వేయండి, నాలుగు, ఐదు, ఆరు పడితే తగిలినట్టు. అవతలివాడు గోడకో చెట్టుకో చాటున ఉంటే ఐదు, ఆరు మాత్రమే. పిస్తోలు అందే దూరం ఎనిమిది అంగుళాలు, పొడుగు తుపాకీ ఇరవై, విల్లు పదహారు. విల్లుకి నింపే పని లేదు, అందుకే అది వెనకబడిపోదు. చేతుల పోట్లాట అయితే ఇద్దరూ పాచిక వేస్తారు, నాయకుడికి ఒకటి కలపండి, యంత్రానికి రెండు కలపండి, ఎక్కువ వచ్చినవాడిది దెబ్బ. సమానమైతే ఇద్దరూ అంగుళం వెనక్కి. మొదటి దెబ్బకి బొమ్మ పడుకుంటుంది, లేవడానికి ఒక పని ఖర్చు పెట్టాలి. రెండో దెబ్బకి ఆటలోంచి బయటికి. సగం మంది పోయిన దండు ప్రతి రౌండు మొదట్లో ఒక పాచిక వేయాలి, ఒకటో రెండో పడితే మిగిలినవాళ్ళంతా పారిపోయినట్టే. ఈ చివరి నియమం తీసేయకండి. కొత్తవాళ్ళు తీసేద్దామంటారు, తీసేస్తే ప్రతి ఆటా చివరి మనిషి దాకా నరుక్కోవడమే అవుతుంది. పారిపోతారన్న భయం ఉంటేనే ఎప్పుడు వెనక్కి తగ్గాలా అని మనిషి ఆలోచిస్తాడు.

మంత్రం అయితే రెండు పాచికలు కలిపి ఎనిమిది, అంతకు పైన రావాలి. ముప్ఫై ఆరు అవకాశాల్లో పదిహేనుకి అలా పడుతుంది, అంటే సగం కంటే తక్కువ, అందుకని మంత్రం బలంగానే ఉండొచ్చు: మనిషిని ఆరంగుళాలు విసిరేయడం, ఒక రౌండు పాటు కనబడకుండా పోవడం, పొగమంచు దించడం. రెండు ఒకట్లు పడితే మంత్రం తిరగబడి వేసినవాడికే తగులుతుంది. అది ముప్ఫై ఆరింటిలో ఒక్కసారే, కానీ పడిన రోజు ఇల్లంతా అరుపులే.

యంత్రానికి మా ఇంట్లో పుట్టిన నియమం ఒకటి చెప్తాను, ఈ వ్యాసంలో ఒక్కటి గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి. ఆవిరి యంత్రం పక్కన చింతపిక్కలు పెడతాం. యంత్రం వంతు వచ్చినప్పుడు రెండు పనులు మామూలే, మూడో పని కావాలంటే ఒక చింతపిక్క పెట్టి పాచిక వేయాలి. పడిన అంకె చింతపిక్కల సంఖ్య కంటే ఎక్కువైతే పని జరుగుతుంది. సమానమైనా తక్కువైనా బాయిలర్ పేలుతుంది, యంత్రం పోతుంది, మూడంగుళాల్లో ఉన్న అందరికీ ఒక దెబ్బ. ఒక వంతంతా ఏమీ చేయకుండా నిలబడితే పిక్కలన్నీ తీసేయొచ్చు, ఆవిరి వదిలేసినట్టు. మొదటి పిక్కకి ఆరింట ఒక్కసారి ప్రమాదం, రెండో దానికి మూడింట ఒకటి, మూడోదానికి సగం సగం. నిజం బాయిలర్ కూడా ఇంతే కదా, ఒత్తిడి పెంచితే పని ఎక్కువ, పెంచుతూ పోతే పేలుతుంది, అందుకే దానికి సేఫ్టీ వాల్వ్ పెడతారు. ఈ ఒక్క నియమంతో యంత్రం అంటే ఏమిటో ఆడేవాడి చేతికి తెలుస్తుంది. మా బావ నాలుగో పిక్క పెట్టి ఐదు వేసి పెట్టెని బల్ల అంచు దాటించిన ఆట గురించి మేము ఇప్పటికీ చెప్పుకుంటాం.

దేనికోసం కొట్టుకుంటున్నారు

ఇది చాలామంది వదిలేస్తారు. రెండు దండుల్ని ఎదురెదురుగా పెట్టి కొట్టుకోండి అంటే మూడో ఆటకే విసుగొస్తుంది, ఎందుకంటే ఎవరికీ కదలాల్సిన అవసరం ఉండదు, చాటున కూర్చుని కాల్చుకుంటారు. బల్ల మధ్యలో ఏదో ఒకటి ఉండాలి, దాన్ని తెచ్చుకోవాలి, లేదా ఎవర్నో దాటించాలి, లేదా ఏదో ఆపాలి. ఎన్ని రౌండ్లో ముందే చెప్పాలి, ఆరు రౌండ్లు సరిపోతుంది.

నేను మొదటిసారి ఆడేవాళ్ళకి ఇచ్చేది రైలు కథ. బల్ల మధ్యలో అడ్డంగా పట్టాలు, వాటి మీద ఆగిపోయిన బండి, టెక్కలికి ఇవతల. మూడు పెట్టెల్లో ఒకదాంట్లో సరుకు ఉంది, తెరిచిన తర్వాత పాచిక వేసి తేల్చాలి: మొదటి పెట్టెలో ఐదు, ఆరు పడితే ఉన్నట్టు, రెండో దాంట్లో నాలుగు నుంచి ఆరు దాకా, రెండింటిలోనూ లేకపోతే మూడోదాంట్లో తప్పకుండా ఉన్నట్టు. సరుకు మోసేవాడు పరుగెత్తలేడు, నడకకి నాలుగంగుళాలే. నాలుగో రౌండు తర్వాత ప్రతి రౌండు మొదట్లో పాచిక వేయండి, ఆరు పడితే ఇంజను కూత పెట్టి కదులుతుంది, బండి మీద ఉన్నవాళ్ళు బండితోనే పోతారు. ఎవరు దిగాలి, ఎవరు ఉండిపోవాలి అనే టెన్షన్ చివరి రెండు రౌండ్లూ గొంతు మీద కూర్చుంటుంది.

జానపదం కావాలంటే చిలక ఆట ఆడండి. ఒకరికి మాంత్రికుడు ఉంటాడు, వాడికి ఎన్ని దెబ్బలు తగిలినా చావడు, పడి లేస్తుంటాడు. బల్ల మీద మూడు మర్రిచెట్లు, ఒకదాని అడుగున చిలక బొమ్మ గీసిన చీటీ, ఎక్కడుందో మాంత్రికుడి వైపు వాళ్ళకి మాత్రమే తెలుసు. అవతలివాళ్ళు చెట్టు దగ్గరికి చేరి ఒక పని ఖర్చు పెట్టి చీటీ తిప్పాలి. చిలక దొరికాక మాంత్రికుడు మామూలు మనిషే. ఇందులో అసలు మజా మాంత్రికుడి వైపు ఉంటుంది, ఎందుకంటే చిలక ఉన్న చెట్టుకి కాపలా పెడితే దొరికిపోతాడు, పెట్టకపోతే పోతుంది. రెండు వైపులా బలం సమానంగా ఉండాలన్న పట్టుదల కూడా ఇక్కడ వదిలేయొచ్చు. మన పులి మేక ఆటలో మూడు పులులు, పదిహేను మేకలు, ఎవరికీ అది అన్యాయం అనిపించదు, రెండోసారి వైపులు మార్చుకుంటారు, అంతే.

తగవులు రాకుండా

ఈ ఆట మానేసినవాళ్ళలో ఎక్కువమంది డబ్బు వల్ల కాదు, తగవుల వల్లే మానేశారు, కనీసం నేను చూసినవాళ్ళు. నాకూ ఒక స్నేహితుడికీ ఒక గోడ చివర నిలబడ్డ బొమ్మ కనబడుతోందా లేదా అన్న దాని మీద మాటలు పెరిగి నెలన్నర మాట్లాడుకోలేదు. ఆ తర్వాత కూర్చుని మేము పెట్టుకున్న పద్ధతులు ఇవి, అప్పటి నుంచి పెద్ద గొడవ రాలేదు.

బొమ్మ పెట్టేటప్పుడే ఎందుకు పెడుతున్నావో పైకి చెప్పాలి. "నీ తుపాకీవాడికి కనబడకుండా ఈ గోడ వెనక పెడుతున్నా, కనబడట్లేదు కదా?" అని అడగాలి, అవతలివాడు అప్పుడే వంగి చూసి "కనబడట్లేదు" అనాలి. అలా ఒప్పుకున్నాక, తర్వాత చెయ్యి తగిలి బొమ్మ కొంచెం జరిగినా ఆ మాటే చెల్లుతుంది. సగం తగవులు దీంతోనే పోతాయి, ఎందుకంటే ఇక్కడ తగవు దాదాపు ఎప్పుడూ మోసం వల్ల రాదు, ఇద్దరూ నిజాయితీగానే రెండు వేరే వేరే సంగతులు అనుకోవడం వల్ల వస్తుంది. దూరం ఎప్పుడైనా కొలుచుకోవచ్చు అని పెట్టుకోండి, కాల్చాక కొలిచి అరంగుళం తక్కువైందని బాధపడేకంటే అది నయం. నియమం దొరకకపోతే అర నిమిషం కంటే వెతకొద్దు, పాచిక వేసి ఒకటి రెండు మూడు అయితే నీ మాట, నాలుగు ఐదు ఆరు అయితే నా మాట, ఆట అయ్యాక టీ తాగుతూ తీరిగ్గా తేల్చి నోటుబుక్కులో రాసుకోవాలి. పాచికలు స్టీలు పళ్ళెంలో గుడ్డ పరిచి అందులోనే వేయాలి, బయట పడినా, అంచుకి ఆనుకుని వంకరగా నిలబడినా మళ్ళీ వేయాలి, మంచి అంకె పడినా సరే.

కొత్తగా వచ్చినవాళ్ళ ముందు మీరు గెలవడానికి ఆడకండి. నిజంగానే చెప్తున్నాను. శ్రీకాకుళం నుంచి మా ఇంటికి ఒక కుర్రాడు ఆమదాలవలసలో రైలెక్కి వచ్చాడు ఒకసారి, మొదటి ఆటలో రెండో రౌండుకే వాడి ఆరుగురినీ పడగొట్టేశారు, పాపం మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. మళ్ళీ రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడైతే కొత్తవాళ్ళకి ఎవరైనా పక్కన కూర్చుని ఇలా కదిపితే ఇలా అవుతుంది అని చెప్తూ ఆడిస్తాం. ఇంట్లో పెద్దవాళ్ళని కూడా పిలవండి. మా మామ్మ మొదట్లో "ఏటిరా ఇది, ఇంత వయసొచ్చి బొమ్మలాటలా" అన్నది, ఇప్పుడు ఇంజను ఎప్పుడు కదలాలో పాచిక వేసేది ఆవిడే, ఇంకెవర్నీ వేయనివ్వదు.

ఇప్పుడు బొమ్మలు

నాలుగైదు ఆటలు అయ్యాక ఎవరి దండు ఏమిటో మీకే తెలుస్తుంది, అప్పుడు బొమ్మలు చూడండి. సైజు ఒకటి అనుకుని దానికే కట్టుబడండి. ఎక్కువగా దొరికేవి 28, 32 మిల్లీమీటర్లవి, ఈ రెండూ ఒకే బల్ల మీద పక్కపక్కన నప్పుతాయి. 1:72 (అసలు మనిషిలో డెబ్బై రెండో వంతు) ప్లాస్టిక్ సైనికులు చవక కానీ చిన్నవి, వాటిని వీటితో కలిపితే పిల్లల్లా కనబడతాయి. జాతరలో అమ్మే ప్లాస్టిక్ సైనికులు, జంతువులు, డైనోసార్లు చూసి పెట్టుకోండి, తల తీసి వేరే తల పెడితే, వీపు మీద పెన్ను గొట్టం అతికిస్తే ఏదో ఒకటి అవుతాయి. రెజిన్ (వెలుతురు తగిలితే గట్టిపడే ద్రవం) త్రీడీ ప్రింటర్ ఉన్న స్నేహితుడు ఉంటే అదృష్టం, ఫైలు కొనుక్కుని ప్రింటు తీయించుకోవచ్చు. కానీ ఆరని రెజిన్ చర్మానికి తగలకూడదు, గ్లౌజులు వేసుకోవాలి, గాలి ఆడే గదిలోనే చేయాలి, ప్రింటు కడిగిన ఆల్కహాల్‌ని కాలువలో పోయకూడదు. పిల్లలు తిరిగే ఇంట్లో అయితే ఆ పని పెట్టుకోకండి.

రంగులకి మామూలుగా దొరికే అక్రిలిక్ రంగులు చాలు. ముందు సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి, తర్వాత ప్రైమర్, అంటే రంగు బాగా పట్టడానికి ముందు వేసే పూత. స్ప్రే ప్రైమర్ మన వాతావరణంలో జాగ్రత్త: గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు కొడితే పూత సరిగ్గా పట్టక గరుకుగా, పంచదార చల్లినట్టు అవుతుంది. ఆగస్టులో ఒక సాయంత్రం వాన వెలిసింది కదా అని డాబా మీద కొట్టి ఎనిమిది బొమ్మలు పాడుచేసుకున్నాను. వానాకాలం అంతా ప్రైమర్ కూడా బ్రష్‌తోనే వేయండి. రంగులో నీళ్ళు కలిపి పల్చగా రెండు పూతలు వేయాలి, చిక్కగా ఒక్క పూత వేస్తే ముక్కూ మొహం పూడిపోతాయి. స్టీమ్‌పంక్‌కి నల్ల ప్రైమర్ మీద రాగి రంగు, దాని మీద బాగా నీళ్ళు కలిపిన ముదురు గోధుమ రంగు పారించండి, అది సందుల్లోకి దిగి నూనె, మసి పట్టినట్టు అవుతుంది, ఆరాక దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో అంచుల మీద ఇత్తడి రంగు తుడవండి. అక్కడక్కడ నీలం కలిసిన లేత ఆకుపచ్చ చుక్కలు పెడితే చిలుము పట్టిన రాగి చెంబులా ఉంటుంది. మూడడుగుల దూరం నుంచి చూసేవి ఇవి, కనుగుడ్లు గీయడానికి అరపూట పెట్టొద్దు.

అసలు ఆనందం ఊరు కట్టడంలో ఉంది

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది చేతిలోనే ఉంటుంది, మట్టితో కొండ చేసి, మొలకలు వేసి పొలం చేసి, అద్దం ముక్కతో చెరువు చేసేవాళ్ళు కదా, అదే విద్య. కొబ్బరి పీచు కత్తిరిస్తే ఎండుగడ్డి, రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు పట్టిస్తే పచ్చిక, గోనెసంచి ముక్క దున్నిన చేను, నాగావళి ఇసుక జల్లెడ పట్టి ఫెవికాల్ మీద చల్లితే నేల. దూది ఉంటే పొగ, పేలిన చోట, గొట్టాల చివర పెట్టడానికి. వాచీలు బాగుచేసే షాపులో అడిగితే పాడైన వాచీల పళ్ళచక్రాలు ఇస్తారు. ఏటికొప్పాక లక్క బొమ్మల్లో చిన్న చెంబులు, డబ్బాలు, గిలకలు ఉంటాయి చూడండి, అంకుడు కర్రని లేతు మీద తిప్పి చేస్తారు, వాటి ఆకారమే బాయిలర్ ఆకారం. విరిగిన పాతవి ఇంట్లో ఉంటే పారేయకండి, నల్లరంగు వేసి రాగి పట్టీ చుడితే అయిపోయింది.

థర్మోకోల్ వాడేటప్పుడు ఒకటి మర్చిపోవద్దు: సూపర్ గ్లూ, స్ప్రే రంగు రెండూ దాన్ని కరిగించేస్తాయి. ఫెవికాలే వాడండి, స్ప్రే కొట్టాలంటే ముందు ఫెవికాల్ కలిపిన రంగు మొత్తం పూయండి. కొలతలు కూడా తెలుసుకుంటే చెయ్యి తిరుగుతుంది. 28 మిల్లీమీటర్ల బొమ్మ దాదాపు 1:56 అనుకోవచ్చు, అంటే ఒక అంగుళం నాలుగున్నర అడుగుల పైన, గుమ్మం నాలుగు సెంటీమీటర్లలోపు. ఆ లెక్కన నౌపడ లైను పట్టాల మధ్య దూరం పద్నాలుగు మిల్లీమీటర్లు కూడా రాదు, అగ్గిపుల్లలు స్లీపర్లుగా సరిగ్గా సరిపోతాయి. గంటస్తంభం ఎనిమిది పలకలది కాబట్టి శుభలేఖ అట్ట ఎనిమిది పట్టీలు కోసి మడిచి అతికించాను, ఆగిపోయిన చేతి గడియారం ఒకటి పైన పెట్టాను. దాని మీద విలుకాడు నిలబడితే బల్లంతా కనబడుతుంది, అందుకే ఎక్కడానికి రెండు పనులు ఖర్చు అని పెట్టాం.

ఎంత కట్టాలి అంటారా, బల్ల మీద నాలుగో వంతు నిండాలి, ఎక్కడ నిలబడినా ఆరంగుళాల్లో ఏదో ఒక చాటు ఉండాలి. ఖాళీ మైదానం అయితే పొడుగు తుపాకీ ఉన్నవాడిదే ఆట.

నోటుబుక్కు

ఆరు ఆటలు దాటాక వాటిని ఒక కథగా కలపండి. బొమ్మ ఆటలోంచి బయటికి పోతే చచ్చినట్టు కాదు, ఆట అయ్యాక దానికి ఒక పాచిక వేయండి: ఒకటి పడితే నిజంగా పోయాడు, రెండు మూడు పడితే కుంటి కాలో, ఒంటి కన్నో, వచ్చే ఆటలో నడకకి నాలుగంగుళాలో, కాల్పుకి ఒకటి తక్కువో, మిగతావి పడితే బాగానే ఉన్నాడు. బతికి బయటపడ్డవాడికి మూడు ఆటలకొకసారి ఒక కొత్త విద్య ఇవ్వండి. పేర్లు, దెబ్బలు, ఎవడు ఎవణ్ణి వదిలేసి పారిపోయాడో అన్నీ నోటుబుక్కులో తేదీతో రాయండి. మా దగ్గర మొదటి ఆటలో అట్ట ముక్కగా వచ్చిన, ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఒకడు ఉన్నాడు, ఇప్పుడు ఒంటి చెయ్యి, దండుకి నాయకుడు, వాడికి సరైన బొమ్మ కొన్నది పదకొండో ఆట తర్వాత.

బొమ్మల బేస్‌ల కింద చిన్న అయస్కాంతాలు అతికించి ఇనప స్వీటు డబ్బాలో నిలబెడితే బస్సులో ఎంత కుదిపినా రంగు పోదు. స్టీలు డబ్బాల్లో కొన్నిటికి అయస్కాంతం అంటుకోదు, కొనేముందు పెట్టి చూసుకోండి. వాషర్లు వాడినవాళ్ళు వాటికి కూడా రంగు పూయాలి, మన తేమకి ఒక్క వానాకాలంలో తుప్పు పట్టి గుడ్డకి మరకలు చేస్తాయి. ఇక డబ్బా మూత పెట్టేముందు, అందరూ అక్కడే ఉండగానే, వచ్చే ఆట ఏ రోజో, ఎవరింట్లోనో, పోయిన సరుకు ఎవరి దగ్గర ఉందో రాసుకుని లేవండి.